కంకర మీద ఒక్క గీత

బయల్దేరుతున్న మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. గుమ్మం దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఏదైనా మర్చిపోయి వెనక్కి వస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఈ మూడు సూత్రాల దగ్గర సరోజనతో వాదించి నెగ్గినవాళ్ళు ఎడ్మంటన్ నగరంలో లేరు. యూనివర్సిటీ ల్యాబులో ఏళ్ళ తరబడి సూక్ష్మజీవులను పెంచి, లెక్కగట్టి, చంపిన మనిషి ఆవిడ. రుజువు లేనిదే దేన్నీ నమ్మదు. ఈ మూడింటికి మాత్రం ఎవర్నీ రుజువు అడగదు, రుజువు తన దగ్గరే ఉందంటుంది.

కెనడా వచ్చిన మొదటి చలికాలంలో భర్త అమరేశ్వరరావు ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరి మెట్లు దిగుతుంటే, "ఏవండీ, మఫ్లరు!" అని వెనక నుంచి కేకేసింది. ఆయన తల తిప్పాడు. మెట్టు మీద మంచు గడ్డకట్టి ఉంది. మణికట్టు విరిగింది, ఇంటర్వ్యూ పోయింది. మంచు వల్ల పడ్డానని ఆయన, పిలవడం వల్ల పడ్డారని ఆవిడ. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. తెగకపోయినా ఇంట్లో అమలైంది మాత్రం ఆవిడ తీర్పే.

ఇప్పుడు వాళ్ళున్నది ఎడ్మంటన్లో కాదు, క్యుబెక్‌లో. మాంట్రియల్ నుంచి గంటన్నర దూరాన, ఫ్రెంచి తప్ప మరో మాట చెవిన పడని పాడిరైతుల పల్లె. మాంట్రియల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కూతురు హర్షిణి, తండ్రికి రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి తెలిసి, ఓ రైతు ఇంటి పక్క వాటా ఆగస్టులో రెండు వారాలకు అద్దెకు మాట్లాడిపెట్టింది. ఆ పిచ్చి పేరు గ్రావెల్ బైకింగ్. జీవితమంతా పైపులైన్ల ఇంజనీరుగా కారు దిగకుండా తిరిగిన మనిషి, అరవై దాటాక లావుపాటి టైర్ల సైకిలొకటి కొని కంకర దారులంట పడ్డాడు. తారు రోడ్డయితే కార్లుంటాయి. కార్లుంటే సరోజనకు నిద్ర పట్టదు. అందుకని కార్లే రాని కంకర దారులు వెతుక్కున్నాడు. ఆ లెక్కన చూస్తే ఈ పిచ్చికి మూలవిరాట్టు కూడా సరోజన దిగులే.

"ఒక్క కారు లేదు సరోజనా!" అన్నాడు మొదటిరోజు తిరిగొచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా. "పొద్దున్నించి నాకు ఎదురుపడింది ఒక ట్రాక్టరు, ఒక నక్క. అంతే. రెండు పక్కలా మొక్కజొన్న, మధ్యలో నేను. టైరు కింద కంకర చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. చచ్చినా అడిగేవాడు లేడనుకో."

"ఆ మాటేంటండీ, ఇంట్లోకి వస్తూనే!" అంది సరోజన.

"సామెత చెప్పానే బాబూ."

ఆ పూటంతా ఆవిడ ఆ సామెతనే నమిలింది. ఆయనకు షుగరు. టాబ్లెట్ల దశ దాటిపోయి చాలా కాలమైంది, పూటపూటకీ ఇన్సులిన్ పొడుచుకోవాలి. షుగరు పెరిగితే మెల్లగా చంపుతుంది, పడిపోతే పూటలో చంపుతుంది అన్నది సరోజన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పే పాఠం. అందుకే సైకిలు హ్యాండిలుకు తగిలించుకోవడానికి చిన్న నల్లసంచి ఒకటి కొని ఆవిడే సర్దిపెట్టింది. ఖర్జూరాలు, నువ్వుండలు, జ్యూసు డబ్బా, స్పృహ తప్పితే ముక్కులో కొట్టాల్సిన మందు, ఫోను. చేతికి అతికించుకున్న సెన్సారు షుగరు పడిపోతోందని గోల పెట్టేది కూడా ఆ ఫోనులోనే. కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, అమరేశ్వరరావు ప్రాణం ఆ సంచిలో ఉంది.

ఆ గురువారం పొద్దున ఆయనకు తొందరగా ఉంది. రాత్రి వాన పడి దారి చల్లబడింది, ఎండ ముదిరేలోపు వెళ్ళిరావాలని ఆరాటం. ఇన్సులిన్ పొడుచుకున్నాడు, ఉప్మా తిన్నాడు, బూట్ల నాడాలు బిగించాడు. సంచి వరండా పిట్టగోడ మీద పెట్టి గ్లవ్సు తొడుక్కున్నాడు.

"వెళ్ళొస్తా."

"మంచిది," అంది సరోజన. ఎక్కడికి అనలేదు, ఎటువైపు అనలేదు. అలా అనకూడదు.

ఆయన వాకిలి దాటి, పోస్టు డబ్బా దగ్గర కుడివైపు తిరుగుతుండగా ఆవిడ కళ్ళు పిట్టగోడ మీద పడ్డాయి. సంచి అక్కడే ఉంది.

నోరు తెరిచింది. కేకేస్తే వినబడే దూరమే. "ఏ" అనే అక్షరం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మెట్టు మీది మంచు, వంకరగా వేలాడిన చెయ్యి కళ్ళ ముందు కదిలాయి. పైగా ఇప్పుడు ఆయన సైకిలు మీద ఉన్నాడు, తడి కంకర మీద ఉన్నాడు, వెనక్కి తిరిగాడంటే కచ్చితంగా పడతాడు. ఎలాగూ సంచి లేదని ఆయనే చూసుకుంటాడు, తనంతట తనే వస్తాడు, అప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపొచ్చు అనుకుంది. నోరు మూసుకుంది. ఆయన మొక్కజొన్న చేను వెనక్కి మళ్ళాడు.

రాలేదు.

సరోజన మంచినీళ్ళ గ్లాసు సిద్ధంగా పెట్టుకుని మరీ ఎదురుచూసింది. కాసేపటికి ఆ గ్లాసు చూస్తేనే ఒళ్ళు మండి, నీళ్ళు తనే తాగేసింది. ఊరికే కూర్చోలేక వంటింట్లోకి పోయి గిన్నెలు తీస్తుంటే, సింకు పక్కన మూతపెట్టిన పళ్ళెం కనబడింది. మూత తీసింది. ఉప్మా సగానికి సగం అలాగే ఉంది. కడుపు నిండా తింటాననుకుని పొడుచుకున్న ఇన్సులిన్, సగం తిని లేచిపోయిన తిండి. దాని మీద సైకిలు తొక్కుడు. సంచి లేదు.

లెక్క ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడే స్టూలు మీద కూలబడింది. ఉత్తప్పుడు గోరంతలు కొండంతలు చేస్తుందని పేరున్న మనిషికి, నిజంగా కొండంత వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత లేచి హర్షిణికి ఫోన్ చేసింది.

"అమ్మా, స్లో డౌన్," అంది హర్షిణి. "నాన్న ఫోన్‌కి ట్రై చేశావా?"

"ఫోను ఇక్కడే ఉందే! సంచిలో ఉంది. సంచి పిట్టగోడ మీద ఉంది. నేను చూశాను, చూసి కూడా..." ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది.

"ఎటు వెళ్తున్నాడో చెప్పాడా?"

"నేనడగలేదు."

ఎందుకడగలేదని ఆ ఇంట్లో పెరిగిన పిల్ల అడగదు.

"ఓకే. ఐయామ్ కమింగ్. నైన్ వన్ వన్ ఎమర్జెన్సీకి కూడా నేనే కాల్ చేస్తా. అమ్మా, లిసెన్... ప్లీజ్ డోంట్ బి మ్యాడ్. దిస్ హ్యాపెన్డ్ బిఫోర్. జూన్‌లో. రివర్ వ్యాలీ ట్రెయిల్ మీద నాన్నకి షుగర్ పడిపోయింది. ఎవరో ఇద్దరు జాగర్స్ జ్యూస్ ఇచ్చారు. హి మేడ్ మీ ప్రామిస్. నువ్వు వర్రీ అవుతావని."

జూన్‌లో ఆయన మోకాలు చీరుకుని ఇంటికొచ్చాడు. పార్కు గేటు తగిలిందన్నాడు. ఆ గేటుకు తుప్పు పట్టి ఉంటుందని భయపడి, ఆవిడ టెటనస్ ఇంజెక్షన్ దాకా తీసుకెళ్ళింది. ఆయన నోరెత్తకుండా వచ్చి, లేని గేటుకు ఇంజెక్షన్ పొడిపించుకున్నాడు. అది తలుచుకుని కోపం రావాలి. రాలేదు. కోపానికి చోటు లేదప్పుడు, భయమే నిండిపోయి ఉంది.

"సరే, నువ్వు రా. జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యి," అని ఫోను పెట్టేసి, నల్లసంచి చంకన పెట్టుకుని పశువుల కొట్టం వైపు పరిగెత్తింది.

ఇంటి యజమానురాలు ఫ్రాన్సీన్ డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఫ్రెంచి ఏరులా పారుతుంది. సరోజనకు ఫ్రెంచి 'బోంజూర్' దగ్గరే ఆగిపోయింది. అదృష్టం ఏమిటంటే డయాబెటిస్, ఇన్సులిన్ అన్న మాటలు ఆ భాషలోనూ ఇంచుమించు అవే. సంచి చూపించి, సైకిలు తొక్కుతున్నట్టు చేతులు తిప్పి, "మై హస్బెండ్" అని, పొలాల వైపు చెయ్యి చాపింది. ఫ్రాన్సీన్ ఆవిడ మొహం చూసి, చేతిలోని పైపు అక్కడే పారేసి, పికప్ ట్రక్కు తలుపు తెరిచింది.

"వియెన్, వియెన్! కమ్."

పోస్టు డబ్బా దగ్గర కుడివైపు తిరిగారు. అంతవరకే తెలుసు. ఆ పైన పొలాల మధ్య కొలబద్దతో గీసినట్టున్న దారులు, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. ఒకటి తప్పితే దానికి సమాంతరంగా ఇంకొకటి. ఎటు చూసినా మనిషెత్తు దాటిన మొక్కజొన్న, ఆ వెనక సోయా, అక్కడక్కడా తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డిమోపులు. నిన్న ఆ మోపుల ఫొటో తీసుకొచ్చి, "రాక్షసులకి ఇడ్లీలు వేశారు చూడు" అని నవ్వించాడు. ఇవాళ మనిషన్నవాడు లేడు. ఒక కారు రాదు, ఒక మనిషి పోడు. పడిపోతే లేపేవాడు లేడు. ఇన్నాళ్ళూ ఆయన పొగిడిందీ, తను కార్ల భయంతో కోరుకున్నదీ ఇదే కదా అనుకుంది సరోజన.

మొదటి అడ్డరోడ్డు దగ్గర ఫ్రాన్సీన్ బండి ఆపి, ఎటు అన్నట్టు చూసింది. సరోజన ఏం చెప్పాలో తెలియక దిగింది. ఊరికే దిగింది, బండిలో కూర్చోలేక. దిగి కిందికి చూస్తే కనబడింది.

రాత్రి వానకు కంకర మీది మెత్తటి దుమ్ము అణిగి, అట్టులా పరుచుకుని ఉంది. దాని మీద ఒక్కటే గీత. రెండు వేళ్ళ వెడల్పున, పక్కలకు చిన్న చిన్న గళ్ళతో, తిన్నగా ముందుకు పోతోంది. వాన వెలిశాక ఆ దారిన ఇంకెవరూ పోలేదు. పోయుంటే తుడిచిపెట్టుకుపోయేది. మైక్రోస్కోపు కింద ఏళ్ళ తరబడి సన్న గీతలు వెతికిన కళ్ళు ఆ గీతను పట్టుకున్నాయి.

"దిస్ వే! స్ట్రెయిట్!" అని అరిచింది.

తర్వాత ఆవిడ తల కిటికీలోంచి లోపలికి రాలేదు. గాలికి జుట్టు ముడి ఊడిపోయింది. గీత తిన్నగా పోతుంటే ఊపిరాడేది. కాస్త మసకబారితే ఆగేది. ఫ్రాన్సీన్ తనలో తను ఏదో అనుకుంటూ, గీత మీదికి చక్రం ఎక్కకుండా పక్కగా నడిపింది.

రెండో అడ్డరోడ్డు దగ్గర చిక్కు పడింది. పొలాలకు పేడనీళ్ళు కొట్టే పెద్ద ట్యాంకరు ఒకటి ఆ కూడలిలో అటూ ఇటూ తిరిగింది. దాని చక్రాల అచ్చులు కంకరంతా కలియదున్నినట్టు చేశాయి. గీత అందులో మునిగిపోయింది. కూడలిలో రోడ్డు పక్కన చెక్కతో చేసిన పెద్ద శిలువ, దాని చుట్టూ ఎవరో నాటిన బంతిపూలు. సరోజన ఆ శిలువకే దణ్ణం పెట్టేసింది. ఆ నిమిషంలో ఏ దేవుడైనా ఒకటే.

ఫ్రాన్సీన్ ఎడమవైపు చెయ్యి చూపించింది. "విలేజ్. కెఫే. బైసికల్ పీపుల్, దే గో."

అది సబబుగానే ఉంది. కాఫీ కొట్టుంది, మనుషులున్నారు. ఒంట్లో తేడా తెలిస్తే అటే వెళ్ళాలి. తెలియకపోతేనో? తప్పు దారి పట్టారంటే వెళ్ళి తిరిగి రావడానికే సమయమంతా పోతుంది. సరోజన కళ్ళు మూసుకుంది. ఊరివైపు దారి కొద్ది దూరంలో తారు రోడ్డవుతుందని కనబడుతూనే ఉంది. తారు రోడ్డంటే కార్లు. తారు రోడ్డెక్కనని ఆయన సైకిలు కొన్నరోజు తన చేతిలో చెయ్యి వేశాడు. ఆ మనిషి మిగతా విషయాల్లో ఎన్ని గేట్లు కల్పించినా, ఆ ఒక్క మాట తప్పడు.

"వేర్ నో పీపుల్?" అని అడిగింది. "విచ్ రోడ్, నోబడీ?"

ఫ్రాన్సీన్ కుడివైపు చూసింది. "పెర్సోన్," అంది, చెయ్యి ఖాళీగా తిప్పి. ఎవరూ ఉండరని.

"దట్ వే."

ట్యాంకరు అచ్చులు కుడివైపు దారిలోనూ చాలాదూరం ఉన్నాయి. గీత లేదు. మొక్కజొన్న, అచ్చులు, మొక్కజొన్న. సరోజన సంచిని గుండెకు అదుముకుని, తప్పు చేశానా, తప్పు చేశానా అని పైకే గొణుక్కుంది. ఫ్రాన్సీన్ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి తట్టింది. ఒకచోట అచ్చులు పక్కకు తిరిగి ఓ పొలంలోకి దిగిపోయాయి. అది దాటగానే దారి మళ్ళీ నున్నగా పరుచుకుంది. దాని మీద గీత.

"హియర్! హియర్!" సరోజన ఏడుస్తోంది, ఆ సంగతి తనకు తెలియదు.

సంతోషం కాసేపే. గీత కొద్దిదూరం తిన్నగా పోయి, కాస్త ఎడమకు వంగింది. మళ్ళీ కుడికి. ముందు చిన్న వంపులు, తర్వాత పెద్దవి. దారి ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. గుంతా లేదు, రాయీ లేదు, అంత వెడల్పు దారిలో అంత వంకర పోవడానికి కారణమేమీ లేదు, ఒక్కటి తప్ప. ఫ్రాన్సీన్ కూడా చూసింది. ఆవిడ పెదాలు బిగుసుకున్నాయి, బండి వేగం పెరిగింది.

సైకిలు కాలవగట్టు గడ్డిలో పడి ఉంది. ముందు చక్రం ఆకాశం వైపు తిరిగి ఉంది. హెల్మెట్ దాని పక్కనే. మనిషి లేడు.

సరోజన బండి పూర్తిగా ఆగకముందే దూకింది. కాలవలోకి చూసింది. అడుగున చారెడు నీళ్ళు, కప్పలు. గట్టు అవతల మొక్కజొన్న గోడలా నిలబడి ఉంది. షుగరు పడిపోయిన మనిషికి తనెక్కడున్నాడో తెలియదు, ఎటు పోతున్నాడో తెలియదు, లేచి ఎటో అటు నడిచిపోతాడు. ఆ చేను అవతలి అంచు కనబడటం లేదు.

"ఏవండీ!" అని అరిచింది. ఆకులు గరగరలాడాయి, గాలికి. "ఏవండీ! ఎక్కడున్నారు? ఎక్కడికెళ్ళారు?"

ఫ్రాన్సీన్ హారన్ మీద చెయ్యి తీయకుండా మోగిస్తూ, ఇంకో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, నైన్ వన్ వన్ వాళ్ళకు దారి పేరు చెప్తోంది. సరోజన కాలవ దాటి చేనులోకి చొరబడింది. ఆకుల అంచులు చేతుల్ని కోశాయి. మొక్కజొన్న లోపల వెలుగు పచ్చగా, గాలి బరువుగా ఉంది. నాలుగు సాళ్ళు దాటాక ఒకచోట కర్రలు విరిగి వాలిపోయి ఉన్నాయి. ఆ విరిగిన కర్రల వెంట పోయింది.

ఆయన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఒలవని పొత్తు, పశువుల మేతకు పెంచే రకం. పీచు పైనే కొరికినట్టున్నాడు, గడ్డానికి పచ్చటి పీచు వేలాడుతోంది. తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆ చూపులో సరోజన లేదు.

"హూ ఆర్ యూ?" అన్నాడు, చాలా మర్యాదగా.

పై ప్రాణాలు పైనే పోయాయి ఆవిడకు. పోయినా చేతులు ఆగలేదు. జ్యూసు డబ్బా గొట్టం నోటికి పెట్టబోతే విసిరికొట్టాడు. "ఐ హావ్ ఎ మీటింగ్," అని కోప్పడి లేవబోయి, పక్కకు ఒరిగాడు. కళ్ళు పైకి తేలుతున్నాయి. సరోజన ఆయన తల ఒళ్ళోకి లాక్కుని, సంచిలోంచి మందు తీసి, మూత పళ్ళతో కొరికి, ముక్కులో పెట్టి నొక్కింది. తర్వాత ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. తన పేరు చెప్పింది, హర్షిణి పేరు చెప్పింది, ఎడ్మంటన్ ఇంటి అడ్రసు చెప్పింది. చేనులో పడుకున్నారండీ, లేవండి, ఎవరన్నా చూస్తే నవ్వుతారు అని చెప్పింది. ఫ్రాన్సీన్ సాళ్ళు తొక్కుకుంటూ వచ్చి, ఆ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, తనకు తెలిసిన ప్రార్థనేదో చదివింది.

ఎంతసేపో సరోజనకు తెలియదు. ముందు ఆయన వేళ్ళు కదిలాయి. తర్వాత వాంతి చేసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్న మొక్కజొన్నను చూసి, సరోజనను చూసి, "నీ చేతులకి ఆ రక్తమేంటి?" అన్నాడు తెలుగులో.

ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి ఆయన్ను గట్టుదాకా నడిపించారు. అంబులెన్సు బయల్దేరిందని చెప్పి, వాళ్ళకు దారి చూపించడానికి ఫ్రాన్సీన్ ట్రక్కు తీసుకుని కూడలికి వెళ్ళింది. భార్యాభర్తలిద్దరే గడ్డిలో మిగిలారు. ఆయన జ్యూసు తాగాడు, నువ్వుండ నమిలాడు. మొహంలోకి రంగు వస్తోంది.

"మొదటి మలుపులోనే చూసుకున్నా, సంచి లేదని," అన్నాడు కాసేపటికి.

సరోజన తిరిగి చూసింది. "మరి వెనక్కి రాలేదేం?"

"వద్దామనే ఆగాను. వస్తే నువ్వు కూర్చోమంటావు, నీళ్ళిస్తావు. అది పర్లేదు. బయల్దేరి వెనక్కొచ్చానని, ఇవాళ ఏదో అవుతుందని, ఇక నేను ఇంటికొచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటావు. ఎందుకులే, చిన్న రౌండు కొట్టి వచ్చేద్దాం అనుకున్నా. దారి బాగుంది. ఈ మలుపు దాకా, ఆ మలుపు దాకా అంటూ వచ్చేశా."

"నేనూ చూశానండీ." సరోజన గొంతు సన్నగా వచ్చింది. "మీరింకా పోస్టు డబ్బా దగ్గరే ఉన్నారు. పిలవబోయి, పిలవలేదు."

నువ్వుండ మిగతా సగం ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"నా దిగులంటే మీకంత భయమా?" అంది. "చచ్చిపోవడంకంటేనా?"

"చావు ఒక్కసారే కదే," అన్నాడు. "నీ దిగులు రోజూ."

నవ్విద్దామనే అన్నాడు. అన్నాక ఆయనా నవ్వలేదు, ఆవిడా నవ్వలేదు. ఆ మాట ఇద్దరి మధ్యా గడ్డిలో అలాగే కూర్చుంది. సరోజన తన చేతుల వైపు చూసుకుంది. ఆకులు కోసిన చోట్ల సన్నగా మండుతోంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి చుట్టూ కంచె కడుతున్నాననుకుంది. ఆయన కంచె లోపలే ఉండి, తనకు తెలియకుండా దెబ్బలు తిని, తనకు తెలియకుండా మానిపించుకున్నాడు.

"జూన్‌లో మోకాలు గేటు తగిలి కాదటగా," అంది.

"చెప్పేసిందా? దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"రెండు నెలలు నానింది. ఇంకేం దాచారు?"

"ఏం లేదులే."

"చెప్పండి."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు, సైకిలు తీసేముందు మబ్బు పట్టిందా లేదా అని ఆకాశం వైపు చూసినట్టు. ఆ చూపు సరోజన ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు చూసింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. కనుబొమలు ముడిపడుతుంటే బలవంతాన విప్పుకుంది.

"మార్చిలో కళ్ళ డాక్టరు," అన్నాడు మెల్లగా. "ఎడమ కంట్లో వెనక రక్తం చిమ్మిందంది. లేజర్ చేసింది. ఆవేళ లైబ్రరీకి వెళ్ళానని చెప్పాను."

సరోజన నోట్లోకి వచ్చిన మాటలన్నీ మింగింది. "ఇప్పుడు కనబడుతోందా?"

"కనబడుతోంది. కొంచెం మసక." ఆగి, ఆవిడ ఏడవనందుకు కాస్త ఆశ్చర్యపడి, మళ్ళీ అన్నాడు. "అరికాళ్ళు ఈమధ్య మొద్దుబారుతున్నాయి. అందుకే పెడల్ జారి రెండుసార్లు పడ్డాను. జూన్‌ది కాకుండా."

"ఇంకా?"

"సరోజనా, నీ చేతులు వణుకుతున్నాయి."

"వణకనివ్వండి." రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. చాలా దూరాన, చేల అవతల, సైరను సన్నగా వినబడింది. "వాళ్ళొచ్చేలోపు మిగతావి కూడా చెప్పేయండి."